రేవుపాడులో నడక లైసెన్సు

రేవుపాడు నగరంలో రోడ్డు ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయో తేల్చమని వేసిన సంఘం ఆరు నెలలు కూర్చుని, ఆ తర్వాత లేచి, నివేదిక ఇచ్చింది. దెబ్బలు తిన్నవాళ్లలో సగానికి పైగా నడిచేవాళ్లేనట. లారీవాడికి లైసెన్సు ఉంది. ఆటోవాడికి ఉంది. తోపుడు బండివాడికి కూడా ఏదో ఒక పర్మిటు ఉంది. ఏ పరీక్షా పాసవకుండా, ఎవరి అనుమతీ తీసుకోకుండా నగరంలో ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్నది ఒక్క పాదచారే. జబ్బు ఎక్కడుందో దొరికిపోయింది.

నగరపాలక సంస్థ ఆలస్యం చెయ్యలేదు. నెల తిరక్కుండానే "పాదచారుల నియంత్రణ మరియు నైపుణ్యాభివృద్ధి నియమావళి" అమల్లోకి వచ్చింది. పదహారేళ్లు నిండిన ప్రతివాళ్లూ నడక లైసెన్సు తీసుకోవాలి.

ఈ సంగతి కొల్లూరి గవర్రాజుకు మైకు కట్టుకుని తిరుగుతున్న ఆటో వల్ల తెలిసింది. అప్పుడాయన ఇంటి వరండాలో భార్య నూకరత్నాన్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. గవర్రాజు రిటైరైన పోస్ట్‌మన్. సైకిలు దూరని సందులన్నీ ఆయనకే అప్పగించారు కాబట్టి ముప్పై నాలుగేళ్లపాటు రేవుపాడులో సగం ఊరికి కాలినడకన ఉత్తరాలు పంచాడు. ఏ వీధిలో ఏ కుక్క కరుస్తుందో, ఏ మలుపులో కరెంటు తీగ చెవికి తగులుతుందో ఆయన కాళ్లకే తెలుసు.

నూకరత్నం అదృష్టం వేరు. కిందటి వానాకాలం కూరల సంచితో బజారు నుంచి వస్తుంటే మురుగుకాలువ మీది పలక విరిగి ఆవిడ లోపలికి జారిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. "రోజూ అరగంట చదునైన నేల మీద నడిపించండి. లేకపోతే ఆ కాలు అలాగే బిగుసుకుపోతుంది" అన్నాడు డాక్టరు. ఆయన రాసిన మందులన్నీ రేవుపాడులో దొరికాయి. చదునైన నేల దొరకలేదు. వాళ్ల ఇంటి ముందు రోడ్డుని మంచినీళ్ల పైపు కోసం ఒకసారి, కేబుల్ కోసం ఒకసారి, ఆ రెండూ ఎక్కడ వేశారో వెతకడం కోసం మూడోసారి తవ్వారు. అందుకని వరండాలోనే నడక. ఈ చివర నుంచి ఆ చివరికి తొమ్మిది అడుగులు, ఒక మలుపు, మళ్లీ తొమ్మిది అడుగులు. మలుపు దగ్గరే ఆవిడ కాలు మొరాయించేది.

"ఏవండీ, ఆ ఆటోవాడు ఏవంటన్నాడు?" అంది నూకరత్నం గోడ పట్టుకుని ఆగి.

"నడవడానికి లైసెన్సు కావాలంట."

"ఎవరికీ?"

"నడిచేవాళ్లకి."

"మరి గోతులకో?"

"వాటికక్కర్లేదు గావాల. అవి ఉన్నచోటే ఉంటాయి గదా" అన్నాడు గవర్రాజు.

మర్నాడే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నగరపాలక సంస్థ ఆఫీసుకు బయల్దేరాడు. ప్రభుత్వం కాగితం అడిగితే వెంటనే ఇచ్చెయ్యడం ఆయనకు అలవాటు. పాదచారుల విభాగం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. మెట్లెక్కి వచ్చిన దరఖాస్తుదారుడు సగం పరీక్ష అక్కడే పాసైనట్టు లెక్కెయ్యాలి గానీ, అలాంటి నిబంధనేదీ లేదు. లోపల బల్ల వెనక పాదచార నియంత్రణాధికారి చిదంబరరావు కూర్చుని ఉన్నాడు. ఆయన మాటలకి కూడా ఫైలు నంబరు ఉంటుందేమో అనిపిస్తుంది వినేవాళ్లకి.

"ఎలా వచ్చారు?" అన్నాడు చిదంబరరావు.

"నడిచొచ్చేనండి."

రాస్తున్న కలం ఆగింది. "లైసెన్సు లేకుండానా?"

"లైసెన్సు కోసవే వచ్చేనండి."

"అనగా లైసెన్సు లేని స్థితిలో, ఉద్దేశపూర్వకంగా, ప్రజా రహదారిపై సంచరించినట్లు ఈ కార్యాలయం ఎదుట అంగీకరిస్తున్నారు."

"మరెలా రమ్మంటారండి?"

"రాక యొక్క విధానం దరఖాస్తుదారుని విచక్షణకు వదిలివేయడమైనది" అన్నాడు చిదంబరరావు. తర్వాత కొంచెం మెత్తబడ్డాడు. "అవగాహనా వారోత్సవాలు జరుగుతున్నందున ఈ పర్యాయం క్షమించడమైనది."

గవర్రాజు తన ముప్పై నాలుగేళ్ల ఉద్యోగం సంగతి చెప్పుకున్నాడు. ఒక్కసారి పడలేదనీ, ఒక్క ఉత్తరం తడవలేదనీ చెప్పాడు. చిదంబరరావు అంతా విని, అనుభవం వేరు, అర్హత వేరు అన్నాడు. ముందు లెర్నర్ లైసెన్సు ఇస్తారు. ఛాతీ మీద ఒకటి, వీపు మీద ఒకటి ఎల్ బోర్డులు తగిలించుకోవాలి. పక్కన లైసెన్సు ఉన్న పాదచారి ఒకరు తోడుంటేనే రోడ్డు మీద అడుగు పెట్టాలి.

"లైసెన్సు ఉన్నోళ్లు ఎవరున్నారండి?"

"ప్రస్తుతానికి ఎవరూ లేరు. ప్రారంభ దశలో ఇటువంటి స్వల్ప ఇబ్బందులు సహజం."

ఆ స్వల్ప ఇబ్బంది వల్ల రేవుపాడులో నడక ఆగిపోలేదు. జనం నడుస్తూనే ఉన్నారు. పాదచారుల ఇన్‌స్పెక్టరు విజిలు వినబడితే మాత్రం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయేవారు. నిలబడడానికి లైసెన్సు అక్కర్లేదు. బజారు వీధిలో ఒక్కోసారి నాలుగు వందల మంది చేతుల్లో సంచులతో ఆకాశంలోకి చూస్తూ కదలకుండా నిలబడేవారు. ఇన్‌స్పెక్టరు మలుపు తిరగ్గానే బజారు మళ్లీ కదిలేది.

పరీక్ష రోజున గవర్రాజు ఇంటి ముందుకు మునిసిపల్ వ్యాను వచ్చింది. లెర్నర్లు పరీక్షకి నడిచి రాకూడదు కాబట్టి గుమ్మం నుంచి తీసుకెళ్లే ఏర్పాటు చేశారు. నూకరత్నం కూడా చేతికర్ర పట్టుకుని ఎక్కింది. నాలుగు నెలల్లో ఆస్పత్రికి తప్ప ఆవిడ గడప దాటలేదు.

స్టేడియం వెనక పరీక్షా స్థలం చూసి గవర్రాజు నిలబడిపోయాడు.

జరిగిందేమిటంటే, పరీక్ష ప్రమాణాల ప్రకారం ఉన్న ఫుట్‌పాత్ మీదే పెట్టాలని నియమావళిలో రాసుకున్నారు. రాసుకున్నాక ఊరంతా వెతికారు. అలాంటిది ఒక్కటీ లేదు. దాంతో ఒకటి కట్టవలసి వచ్చింది. రెండు వందల నలభై మీటర్లు. ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు. ఎక్కడా పగులు లేదు, ఎత్తుపల్లం లేదు. ఎక్కేచోటా దిగేచోటా మెట్టు బదులు వాలు. పట్టుకోవడానికి కమ్మీ, అక్కడక్కడ సిమెంటు బెంచీలు, కొత్తగా నాటిన కానుగ చెట్లు, కుండలో మంచినీళ్లు. మధ్యలో రోడ్డు దాటేందుకు చారల దాటు, దానికో సిగ్నలు.

"ఇదేంటమ్మా?" అన్నాడు గవర్రాజు ఇన్‌స్పెక్టరుతో. ఆ పిల్ల పేరు ఝాన్సీ. పాతికేళ్లుంటాయి. మెళ్లో విజిలు, చేతిలో అట్ట.

"ఫుట్‌పాతండి, బాబాయిగారూ."

"దీని మీద ఏం లేవేంటి?"

"ఏం ఉండాలండి?"

గవర్రాజు వంగి అరచేత్తో నేల తడిమి చూశాడు. ఫుట్‌పాత్ అంటే ఆయనకు ట్రాన్స్‌ఫార్మరూ, ఇడ్లీ బండీ, పార్కింగు మోటారు సైకిళ్లూ, ఇసక గుట్టా. వాటి కింద ఏముంటుందో ఆయన ఇంతవరకు చూడలేదు.

విజిలు మోగింది. గవర్రాజు నడిచాడు. పది అడుగులు బాగానే వేశాడు. పదకొండో అడుగు దగ్గర ఆయన కాళ్లు వాటంతటవే ట్రాక్ దిగి, లేని ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ తిరిగి, మళ్లీ ట్రాకెక్కాయి. ఇంకొంచెం ముందుకెళ్లి ఒక చోట పంచె ఎత్తి పట్టుకుని గెంతాడు. ఆ తర్వాత తల వంచుకుని, లేని దుకాణం బోర్డు కింద నుంచి నడిచాడు. చారల దాటు దగ్గర మరీ అన్యాయమైపోయింది. నడిచేవాళ్లకి పచ్చ దీపం వెలిగింది. పరీక్ష కోసం పెట్టిన స్కూటరు బుద్ధిగా ఆగింది. ఆగిన స్కూటరుని చూసి గవర్రాజు భయపడ్డాడు. ఇందులో ఏదో మోసం ఉందనుకున్నాడు. ఎర్ర దీపం పడి స్కూటరు కదిలాక, చెయ్యి పైకెత్తి, కళ్లు మూసుకుని, దాని ఎదర నుంచి పరిగెత్తాడు.

ఝాన్సీ అట్ట మీద రాసుకుంది. అకారణముగా దిగుట. లేని గోతిని దాటుట. లేని బోర్డుకు వంగుట. సిగ్నలును అపార్థము చేసుకొనుట. ఫెయిలు.

"నన్నా?" అన్నాడు గవర్రాజు. మొహం ఎర్రబడింది. "ఈ ఊళ్లో నడకొచ్చినోడు ఒక్కడుంటే అది నేనమ్మా."

"ఈ ఊళ్లో నడవడం మీకు బాగా వచ్చండి. ఫుట్‌పాత్ మీద నడవడమే రాలేదు" అంది ఝాన్సీ, పాపం, నొచ్చుకుంటూనే.

ఆయన ఆ అవమానంలో ఉండగా వెనక నుంచి కర్ర చప్పుడు వినబడింది. నూకరత్నం బెంచీ మీద నుంచి లేచింది. ఒక చెయ్యి కమ్మీ మీద వేసి, రెండో చేత్తో కర్ర ఆనించి, ట్రాక్ మీద అడుగులు వేస్తోంది. తొమ్మిది దాటింది. పది దాటింది. మలుపు రాలేదు. ఇరవై, ముప్పై. నలభై దగ్గర ఆగి, ఆయాసపడుతూ, "ఏవండీ, దీనికి మలుపే లేదండీ!" అంది. నాలుగు నెలల తర్వాత ఆవిడ మొహంలో నవ్వు చూసి గవర్రాజు ఫెయిలైన సంగతి మర్చిపోయాడు.

లెర్నర్లకి రోజూ ఉదయం గంటసేపు ట్రాక్ మీద సాధన చేసే హక్కుంది. వ్యాను ఇంటికే వస్తుంది. ఆ వారంలోనే నూకరత్నం ఎల్ బోర్డు తగిలించుకుంది. మొదటి వారం కమ్మీ పట్టుకుని నడిచింది, మూడో వారానికి కమ్మీ వదిలింది. నెలన్నరకి కర్రని బెంచీకి ఆనించి పెట్టి ట్రాక్ సగం దూరం వెళ్లి వచ్చింది. రాత్రి పక్క మీద కాలు ముడిచి పడుకోగలిగింది. డాక్టరు కాలు వంచి చూసి, "ఏ ఊరు తీసుకెళ్లారు?" అని అడిగాడు.

పరీక్ష రోజు వచ్చేసరికి చిక్కొచ్చి పడింది. పాసైతే లెర్నరు కాదు. లెర్నరు కాకపోతే ట్రాక్ లేదు.

"ఏం చేద్దారండీ?" అంది నూకరత్నం.

"ఫెయిలయిపో" అన్నాడు గవర్రాజు. "నేను చెప్తాగా ఎలాగో."

ఆవిడ లేని ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ నిండుగా ఒక ప్రదక్షిణం చేసి, లేని గోతినొకటి గెంతి ఫెయిలయింది. ఝాన్సీకి సంగతి అర్థమైంది. అయినా ఫెయిలని రాసి, "వచ్చే నెల ఇంకొంచెం చిన్న గొయ్యి దాటండి పిన్నిగారూ, కాలికి మంచిది కాదు" అంది.

ఊరికి ఈ కిటుకు తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. బీపీ ఉన్నవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, పురిటి తర్వాత ఒళ్లొచ్చిన ఆడవాళ్లు, చక్రాల కుర్చీలో తిరిగే లెక్కల మాస్టారొకాయన, అందరూ లెర్నర్లయ్యారు. డాక్టర్లు మందుల చీటీ మీద "రోజుకొక లెర్నర్ లైసెన్సు నడక" అని రాయడం మొదలుపెట్టారు. పరీక్షల్లో జనం ఒకర్ని మించి ఒకరు ఫెయిలయ్యేవారు. ఒకాయన ట్రాక్ మధ్యలో కూర్చుని నడవడమంటే ఏమిటో తనకి తెలియదన్నాడు. ఇంకొకావిడ పరీక్ష పొడుగునా వెనక్కి నడిచింది. ఉదయం ఆరింటికి ట్రాక్ మీద రేవుపాడు సగం కనబడేది, ఛాతీ మీద ఎల్, వీపు మీద ఎల్, చేతులూపుకుంటూ.

ఆ మూడు నెలల్లో పాదచారుల ప్రమాదాలు బాగా తగ్గాయి. నడిచేవాళ్లంతా ట్రాక్ మీద ఉంటే రోడ్డు మీద గుద్దడానికి ఎవరు మిగులుతారు? నియమావళి ఫలితమేనంటూ చిదంబరరావుకి రాజధానిలో శాలువా కప్పారు. అయితే ఆ సభలోనే పై అధికారి ఒకాయన, "ఇంతవరకు ఎన్ని లైసెన్సులు మంజూరు చేశారు?" అని అడిగాడు.

"సున్నా" అన్నాడు చిదంబరరావు.

"పెండింగు?"

"నలభై ఒక్క వేలు."

పై అధికారి మొహం చిట్లించాడు. ప్రమాదాలు తగ్గడం మంచిదే గానీ పెండింగు ఉండడం ఏ ప్రభుత్వమూ సహించదు. చిదంబరరావు తిరిగొచ్చిన వారంలో స్టేడియంలో లైసెన్సుల మేళా పెట్టించాడు. పరీక్ష సరళీకరించారు. దరఖాస్తుదారుడు రెండు కాళ్లతో గానీ, వాటికి ప్రత్యామ్నాయంతో గానీ వేదిక ఎక్కితే పాస్. ఫెయిలవుదామని కొంతమంది కింద పడుకున్నారు. వాళ్లకి అక్కడికే తెచ్చి ఇచ్చారు.

నూకరత్నానికి వేదిక మీద చిదంబరరావే లామినేషన్ కార్డు అందించాడు. ఆవిడ మెట్లు సొంతంగా ఎక్కి, సొంతంగా దిగింది. ఫొటోలో తన కార్డు పట్టుకుని గవర్రాజు ఒక్కడే ఏడుపు మొహంతో పడ్డాడు.

మర్నాడు ఉదయం వ్యాను రాలేదు. ఇద్దరూ ఆటో ఎక్కి ట్రాక్ దగ్గరికి వెళ్లారు. గేటుకి తాళం. "లెర్నర్లకు మాత్రమే." లోపల ఎవరూ లేరు. కానుగ ఆకులు రెండు నున్నటి నేల మీద దొర్లుతున్నాయి.

"పోనీలెండి, లైసెన్సుందిగా. రోడ్డు మీదే నడుద్దాం" అంది నూకరత్నం. నాలుగు అడుగులు వేశారో లేదో విజిలు మోగింది. ఝాన్సీ పరిగెత్తుకుంటూ వచ్చి, ఈసారికి రాయనంటూ, కార్డు వెనక్కి తిప్పి చూపించింది. షరతు ఏడు. ఈ లైసెన్సు ప్రమాణాల ప్రకారం నిర్మించిన ఫుట్‌పాత్‌పై మాత్రమే చెల్లును.

"అది ఊళ్లో ఒక్కటేగా ఉంది?" అన్నాడు గవర్రాజు, తాళం వైపు చూస్తూ.

"ఒక్కటేనండి" అంది ఝాన్సీ, తాళం వైపు చూడకుండా.

గవర్రాజు ఆ ఇస్త్రీ చొక్కాతోనే మళ్లీ మూడో అంతస్తు ఎక్కాడు. ఈసారి కూర్చోమనేదాకా ఆగలేదు.

"అయ్యా, మా ఆవిడ ఈ లైసెన్సుతో ఎక్కడ నడవాలండి?"

"లైసెన్సు అనేది నడకకు అనుమతి కాదు. నడకకు అర్హత కలదని ధ్రువీకరణ" అన్నాడు చిదంబరరావు ఓపిగ్గా. "ఆమె అర్హతను ఇకపై ఎవ్వరూ ప్రశ్నించజాలరు."

"ప్రశ్నించడం లేదండి. నడవనివ్వడం లేదు. ఆగిపోతే కాలు బిగుసుకుపోద్దండి. మీకు దణ్ణవెడతాను, ఆ గేటన్నా తియ్యండి, లేదంటే అలాంటి బాట మా వీధిలో ఓ వంద గజాలన్నా వెయ్యండి."

"బాట ఇంజనీరింగు విభాగం పరిధిలోనిది. మాది కేవలం పాదచారి." చిదంబరరావు గొంతు తగ్గించాడు. ఆయనకీ మనసుంది. "మీరు మరొక్క విషయం గ్రహించాలి. అన్ని వీధుల్లోనూ అటువంటి బాటలు వేసినట్లయితే, జనం లైసెన్సు లేకుండానే సురక్షితంగా నడిచే ప్రమాదం ఉంది. అప్పుడీ విభాగం ఏం చేయాలి?"

గవర్రాజు ఇంటికొచ్చి నియమావళి పుస్తకం ముందేసుకుని మొదటి పేజీ నుంచి చదివాడు. నూకరత్నం కుర్చీలో కూర్చుని కాలు తడుముకుంటూ వింది. వారం రోజులుగా వరండా నడకే. మలుపు దగ్గర కాలు మళ్లీ మొరాయిస్తోంది. నియమం ముప్పై ఒకటి దగ్గర ఆవిడ "ఆగండాగండి, మళ్లీ చదవండి" అంది.

"షరతులను ఉల్లంఘించినవారి లైసెన్సు రద్దు చేయబడును. అట్లు రద్దయినవారు లెర్నరుగా తిరిగి నమోదై, ట్రాక్‌పై శిక్షణ పొందవలెను."

"పొందవలెను అనుందా, పొందవచ్చును అనుందా?"

"పొందవలెను."

నూకరత్నం లేచి చీర మార్చుకుంది.

ఝాన్సీ డ్యూటీ చేసే పాత బస్టాండు కూడలికి ఆటోలో వెళ్లారు. ఉదయం పది గంటల వేళ. ఆవిడ దిగి, కర్ర ఆటోలోనే వదిలేసి, రోడ్డు మీదికి నడిచింది. గవర్రాజు చెయ్యి పట్టుకోబోతే, "వదలండి, మీరు పట్టుకుంటే నేను నడిచినట్టు రాయరు" అంది. కంకర మీద నుంచి, పైపు గుంట పక్క నుంచి, ఆగి ఉన్న బస్సుకీ ఆగని బస్సుకీ మధ్య నుంచి, భయపడుతూనే, పెదవి బిగించి, ఝాన్సీ నిలబడిన చోటిదాకా నడిచి వెళ్లింది.

అప్పుడు గాని గవర్రాజు చూడలేదు. ఝాన్సీ ముందు పెద్ద వరస ఉంది. బీపీవాళ్లు, షుగరువాళ్లు, చక్రాల కుర్చీలో లెక్కల మాస్టారు, వెనక్కి నడిచిన ఆవిడ. అందరి చేతుల్లోనూ లామినేషన్ కార్డులు. ఝాన్సీ రాసి రాసి చెయ్యి విదుల్చుకుంటోంది.

నూకరత్నం వంతు వచ్చింది.

"షరతు ఏడు ఉల్లంఘించి ప్రమాణాలు లేని రోడ్డు మీద నడిచారు" అంది ఝాన్సీ, గొంతు గంభీరంగా పెట్టడానికి ప్రయత్నిస్తూ. "నేరం ఒప్పుకుంటారా పిన్నిగారూ?"

"ఒప్పుకుంటానమ్మా. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నడిచేను. నువ్వు చూసేవుగా?"

"చూశానండి. బాగా నడిచారు." ఝాన్సీ కార్డు తీసుకుని ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసింది. తర్వాత ఆవిడ వెనకే నడిచొచ్చిన గవర్రాజు వైపు తిరిగింది. "మరి మీరు బాబాయిగారూ?"

గవర్రాజు వెనకడుగు వేశాడు. సర్వీసు మొత్తంలో ఆయన మీద ఒక్క మెమో లేదు. రిటైరైన రోజు పోస్టుమాస్టరు ఆ ముక్కే సభలో రెండుసార్లు చదివాడు.

"నాకెందుకులే అమ్మా" అని గొణిగాడు.

"రాయించుకోండి" అంది నూకరత్నం. "ఆరింటికి ఆ ట్రాక్ మీద నేనొక్కదాన్నీ నడవాలా?"

గవర్రాజు ఓ క్షణం భార్య వైపు చూశాడు. ఆవిడ దేన్నీ పట్టుకోకుండా నిలబడి ఉంది. ఆయన జేబులోంచి కార్డు తీసి, చొక్కా సర్దుకుని, ఝాన్సీ చూపించిన చోట పూర్తి పేరు, తేదీ, వేళ వేసి, పోస్టాఫీసు రిజిస్టరులో పెట్టినంత శ్రద్ధగా సంతకం పెట్టాడు.

"కానివ్వండి సార్, కానివ్వండి" అన్నాడు వెనక లెక్కల మాస్టారు. "మేమూ నేరం చెయ్యాలి."